అసెంబుల్ చేసిన పీసీకి విండోస్ 11 మీరే వేసుకోవడం ఎలా

పార్ట్స్ బిగించారు, కేబుల్స్ సర్దారు, బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇక విండోస్ వేయాలి. చాలామంది ఇక్కడికొచ్చి ఆగిపోయి, షాపతన్నే వేసిపెట్టమని అడుగుతారు. సికింద్రాబాద్ సీటీసీలో పార్ట్స్ కొని ఊళ్లో బిగించుకున్నవాళ్లయితే మళ్లీ ఆ డబ్బా మోసుకుని పట్నం బయల్దేరాలి. అంత అవసరం లేదు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డ్ మీదే గుచ్చే వేగమైన డిస్క్) మీద విండోస్ ఎక్కడానికి పట్టేది ఇరవై నిమిషాలో అరగంటో. టెన్షన్ పెట్టేవి దానికి ముందూ వెనకా ఉండే పనులే. వాటిని వరుసలో చేస్తే ఒక్కపూటలో తేలిపోతుంది.

వరుస అని ఎందుకంటున్నానంటే, ఇక్కడ వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి కారణం చేయాల్సిన పని చేయకపోవడం కాదు, ముందుదాన్ని వెనక చేయడం. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చివరికి పెట్టుకుంటే డిస్క్‌కి తాళం పడవచ్చు. ర్యామ్ స్పీడ్ మొదట్లోనే పెంచితే ఇన్‌స్టాలేషన్ మధ్యలో చెడవచ్చు. పాత హార్డ్ డిస్క్ తొందరపడి తగిలిస్తే విండోస్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు వెళ్లి దాని మీద కూర్చోవచ్చు. ఇవన్నీ ఎక్కడికక్కడ చెప్తాను.

విండోస్ 10 వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొత్త మెషీన్‌కి 11 వేయండి.

మొదటి పని: పెన్ డ్రైవ్, డ్రైవర్లు

దీనికి నడుస్తున్న ఇంకో విండోస్ కంప్యూటర్ కావాలి. మీ పాత ల్యాప్‌టాప్ అయినా ఫర్వాలేదు, పక్కింటివాళ్లదైనా ఫర్వాలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి. చాలావాటిలో యూఎస్‌బీ పోర్టులు లాక్ చేసి ఉంటాయి, లేకపోయినా తర్వాత ఐటీ వాళ్లకి జవాబు చెప్పుకోవాలి.

1. కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ తీసుకోండి. 16 జీబీ అయితే డ్రైవర్లు (ఒక్కో పార్టుని నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా అందులోనే పడతాయి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, అందుకని ఎవరి పెళ్లి ఫోటోలున్నాయో ముందే చూసుకోండి.

2. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి 'మీడియా క్రియేషన్ టూల్' దించుకోండి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో వేరే సైట్లు కనిపిస్తాయి. అడ్రస్ బార్‌లో మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ అని ఉందో లేదో చూశాకే క్లిక్ చేయండి.

3. టూల్ నడిపి భాష ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ ఎంచుకుని, 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్' అన్న చోట టిక్ పెట్టి, మీ పెన్ డ్రైవ్ చూపించండి. మిగతాది అదే చేసుకుంటుంది. జీబీల్లో డౌన్‌లోడ్ ఉంటుంది కాబట్టి రోజుకి రెండు జీబీ మొబైల్ ప్యాక్‌తో అయ్యే పని కాదు, వైఫై ఉన్నచోట చేయండి.

4. మీ మదర్‌బోర్డ్ కంపెనీ సైట్‌కి వెళ్లి, సరిగ్గా మీ మోడల్ పేజీలోంచి ల్యాన్ (వైరుతో వచ్చే నెట్) డ్రైవర్, వైఫై డ్రైవర్, చిప్‌సెట్ డ్రైవర్, ఇప్పటి బయోస్ ఫైల్ దించండి. మోడల్ పేరు బోర్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. కొన్ని బోర్డులకు మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ కూడా ఉంటుంది. 1.0కీ 1.2కీ బయోస్ ఫైళ్లు వేరుగా ఉండవచ్చు, అదీ సరిచూసుకోండి. జిప్ ఫైళ్లను విప్పి, అదే పెన్ డ్రైవ్‌లో ఓ ఫోల్డర్ చేసి పెట్టుకోండి. దానివల్ల విండోస్ ఇన్‌స్టాలర్‌కి ఏ ఇబ్బందీ ఉండదు.

షాపువాళ్లు ఇచ్చే రెడీమేడ్ 'విండోస్ పెన్ డ్రైవ్' తీసుకోకండి. అందులో ఏ ఏడాది వెర్షన్ ఉందో, దానికి ఎవరు ఏం కలిపారో చూడగానే తెలియదు.

కీ సంగతి

ఇన్‌స్టాల్ చేయడానికి కీ అక్కర్లేదు. తర్వాత కొనుక్కుని ఎక్కించుకోవచ్చు. అప్పటిదాకా స్క్రీన్ కింద కుడిమూల 'యాక్టివేట్ విండోస్' అని కనిపిస్తుంది, వాల్‌పేపర్ మార్చే సెట్టింగులు పనిచేయవు, అంతే. కొనేటప్పుడు రిటైల్, ఓఈఎం అని రెండు రకాలుంటాయి. రిటైల్ అయితే రేపు కొత్త పీసీ కట్టుకున్నప్పుడు దానికి మార్చుకోవచ్చు. ఓఈఎం మొదటిసారి వేసిన మదర్‌బోర్డుతోనే ముడిపడిపోతుంది. మీ పాత పీసీలో డబ్బులిచ్చి కొన్న రిటైల్ విండోస్ 10 కీ ఉంటే, ఆ పీసీలో వాడటం ఆపేసి అదే కీ విండోస్ 11కి కొట్టి చూడండి, తీసుకుంటుంది.

నాలుగైదు వందలకి ఆన్‌లైన్లో దొరికే కీలతో నాకు పేచీ ఏంటంటే, అది ఎవరి పేరు మీది లైసెన్సో, రేపు ఆగిపోతే ఎవర్ని అడగాలో తెలియదు. క్రాక్ మాట సరేసరి. 'ముందు డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్ చేసి ఇది రన్ చేయి' అని చెప్పే ఏ ఫైలునైనా మీ బ్యాంకు లాగిన్ ఉండే కంప్యూటర్లోకి రానివ్వకండి. బడ్జెట్‌లో కీకి డబ్బు మిగలకపోతే లినక్స్ మింట్ వేసుకోండి. ఉచితం, చట్టబద్ధం, ఇంట్లో బ్రౌజింగ్‌కీ పిల్లల చదువుకీ చాలు. పైగా ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ మీంచి నడిపి, సౌండ్, వైఫై, స్క్రీన్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. విండోసే వేయాలనుకున్నవాళ్లకి కూడా కొత్త పార్ట్స్ పరీక్షించుకోవడానికి అది మంచి దారి.

బయోస్‌లో చూడాల్సినవి

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో ముందు చూసుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డ్ పోర్టుకి కాదు. ఐ5 12400ఎఫ్ లాంటి 'ఎఫ్' ప్రాసెసర్లకీ, రైజెన్ 5 5600కీ లోపల గ్రాఫిక్స్ ఉండవు. వాటితో మదర్‌బోర్డ్ హెచ్‌డీఎంఐకి కేబుల్ పెట్టి ఎంతసేపు చూసినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది.

డీడీఆర్5 ర్యామ్ బోర్డు అయితే, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 బోర్డు అయితే, మొట్టమొదటిసారి ఆన్ చేసినప్పుడు చాలా నిమిషాలపాటు స్క్రీన్ మీద ఏమీ రాదు. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. పాడైపోయిందని కంగారుపడి స్విచ్ తీసేయకండి. ర్యామ్‌కి సరిపడే టైమింగులు బోర్డు తనే వెతుక్కుంటోందన్నమాట. ఓ పావుగంట ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే పవర్ తీసి ర్యామ్ సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డుకి రెండు ర్యాములైతే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. చివర్ల క్లిప్ టక్‌మని పడాలి.

ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. మొదటి పేజీలోనే చాలా విషయాలు కనిపిస్తాయి:

ప్రాసెసర్ పేరు మీరు కొన్నదేనా? ర్యామ్ మొత్తం చూపిస్తోందా, 16 జీబీ కొంటే 8 మాత్రమే చూపిస్తోందా? స్టోరేజ్ దగ్గర మీ ఎస్ఎస్‌డీ పేరు ఉందా? తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా? టైము తప్పుగా ఉంటే తర్వాత అప్‌డేట్లు, సైట్లు సెక్యూరిటీ ఎర్రర్లు ఇస్తాయి, కారణం తట్టక జుట్టు పీక్కోవాలి. ఇక ప్రాసెసర్ వేడి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో బయోస్‌లో 45, 50 డిగ్రీలు ఉన్నా కంగారు లేదు. కళ్లముందే 70, 80, 90 అని పెరుగుతూ పోతుంటే వెంటనే ఆపేయండి. కూలర్ ఒకవైపు ఎత్తుగా కూర్చునైనా ఉండాలి, దాని అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ కాగితం తీయకుండానే బిగించైనా ఉండాలి. ఆ కాగితం మీద తీసేయమని అచ్చు వేసే ఉంటుంది, అయినా తీయకుండా బిగించేసేవాళ్లు తక్కువేం కాదు.

ఇవి బాగుంటే ఇప్పుడు బయోస్ అప్‌డేట్. కంప్యూటర్ నడుస్తోందిగా, దాన్ని కదిలించడం ఎందుకు అంటారు కొందరు. వాడుకలో ఉన్న మెషీన్‌కైతే నేనూ అదే అంటాను. కొత్త బోర్డు సంగతి వేరు, అది షాపులో ఏడాదిగా పడి ఉండవచ్చు. ఇంటెల్ 13, 14 జనరేషన్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో వోల్టేజ్ ఎక్కువై చిప్ మెల్లగా దెబ్బతినే సమస్య బయటపడితే, 2024లో ఇంటెల్ ఇచ్చిన సవరణ బోర్డులకు చేరింది బయోస్ అప్‌డేట్ రూపంలోనే. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని కాలిపోయినప్పుడు వోల్టేజ్‌కి పరిమితి పెట్టిందీ బయోస్ ద్వారానే. పైగా అప్‌డేట్‌కి ఇదే సరైన సమయం. విండోస్ వేశాక చేస్తే ఏమవుతుందో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దగ్గర చెప్తాను.

అప్‌డేట్ చేసే మెనూ పేరు ఏసుస్‌లో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్. పెన్ డ్రైవ్‌లో పెట్టుకున్న ఫైల్ చూపిస్తే అదే రాసుకుంటుంది. ఆ కొద్ది నిమిషాలు కరెంటు పోకూడదు. పోతే బోర్డే లేవకపోవచ్చు. గాలివాన రోజున, కోతల వేళలో ఈ పని పెట్టుకోకండి. పీసీకి యూపీఎస్ ఉంటే నిశ్చింత. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో ఫ్యాన్ ఆగదు గానీ పీసీ రీస్టార్ట్ అయిపోతుంది.

అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. మళ్లీ బయోస్‌లోకి వెళ్లి మూడు చూడండి. టీపీఎం (తాళంచెవుల్లాంటి రహస్య కీలు దాచే భద్రతా భాగం) ఆన్‌లో ఉండాలి, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ ఉంటుంది. సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగు) ఆఫ్‌లో ఉండాలి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ లేచేలా చూసేది) ఆన్ చేయండి. టీపీఎం ఆఫ్‌లో ఉంటే కొత్త హార్డ్‌వేర్ అయినా సరే 'ఈ పీసీ విండోస్ 11 నడపలేదు' అని సెటప్ మొహం మీదే చెప్పేస్తుంది. ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగుని ఇప్పుడు ముట్టుకోకండి. ర్యామ్ ఆ స్పీడ్‌కి నిలకడగా లేకపోతే కాపీ అయ్యే ఫైళ్లే తప్పుగా పడతాయి. ఆ తప్పు వెంటనే బయటపడదు, నెల తర్వాత బ్లూ స్క్రీన్‌గా వస్తుంది.

ఇన్‌స్టాలేషన్

పీసీ ఆపి, పవర్ తీసి, విండోస్ వెళ్లాల్సిన ఎస్ఎస్‌డీ తప్ప మిగతా డిస్కుల సాటా కేబుళ్లు పీకేయండి. పాత పీసీలోంచి తెచ్చిన హార్డ్ డిస్క్ ఉంటే అది ముఖ్యంగా. ఒకటి కంటే ఎక్కువ డిస్కులుంటే విండోస్ తన బూట్ భాగాన్ని ఒక్కోసారి రెండో డిస్కులో పెడుతుంది. అది తెలియక ఏడాది తర్వాత పాత డిస్క్ తీసేస్తే కంప్యూటర్ లేవదు. పైగా ఇలా పీకేస్తే తప్పు డిస్కుని చెరిపేసే ప్రమాదం కూడా పోతుంది.

పెన్ డ్రైవ్‌ని వెనకవైపు పోర్టుకి పెట్టి ఆన్ చేయండి. బూట్ మెనూ కీ ఏసుస్‌కి ఎఫ్8, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లకి ఎఫ్11, గిగాబైట్‌కి ఎఫ్12. పెన్ డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

భాష ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, టైమ్ అండ్ కరెన్సీ దగ్గర ఇంగ్లిష్ ఇండియా పెట్టండి. కీబోర్డ్ యూఎస్. ఇక్కడ యూకే అని నొక్కేస్తే తర్వాత @ కొట్టినప్పుడు కొటేషన్ గుర్తు పడుతుంది, పాస్‌వర్డ్ ఎందుకు తప్పని వస్తోందో ఎంతకీ అర్థం కాదు. తర్వాత 'ఇన్‌స్టాల్ విండోస్ 11' ఎంచుకుని, ఫైళ్లన్నీ పోతాయన్న దానికి టిక్ పెట్టండి. కొత్త డిస్కులో పోయేదేమీ లేదు. కీ అడిగితే 'ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ'. హోమ్, ప్రో అంటూ ఎడిషన్ల జాబితా వస్తుంది. ఏ ఎడిషన్‌కి కీ కొన్నారో, కొనబోతున్నారో అదే ఎంచుకోండి. హోమ్ కీతో ప్రో యాక్టివేట్ కాదు. మామూలు ఇంటి వాడకానికి హోమ్ చాలు.

తర్వాత వచ్చేది డిస్క్ స్క్రీన్. అసలు జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే.

కొత్త ఎస్ఎస్‌డీ అయితే 'డిస్క్ 0 అన్‌ఎలొకేటెడ్ స్పేస్' అని ఒకే వరుస ఉంటుంది. 1 టీబీ కొంటే 931 జీబీ అనీ, 500 జీబీ కొంటే 465 అనీ చూపిస్తుంది. షాపతను మోసం చేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. ఆ వరుస మీద క్లిక్ చేసి నేరుగా నెక్స్ట్ నొక్కేయండి. కావాల్సిన చిన్న చిన్న భాగాలు సెటప్ తనే చేసుకుంటుంది. ఎస్ఎస్‌డీ ముందే వాడినదైతే దాని మీది వరుసలు ఒక్కొక్కటీ డిలీట్ చేసి మొత్తం అన్‌ఎలొకేటెడ్ అయ్యాక నెక్స్ట్ కొట్టండి. అందులోంచి కావాల్సినవి బయటికి తీసుకున్నామని నమ్మకం ఉంటేనే.

సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు చేయడం మన దగ్గర పాత అలవాటు. సీ కరప్ట్ అయినా డీ లో ఫోటోలు భద్రంగా ఉంటాయని నమ్మకం. విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే అది కొంత నిజమే. కానీ ఎస్ఎస్‌డీయే పోతే మూడూ ఒకేసారి పోతాయి. 500 జీబీ డిస్కుని ముక్కలు చేస్తే ఆర్నెల్లకి సీ నిండిపోయి ఎర్ర గీత, డీ లో సగం ఖాళీ. నా మాట వింటే ఒకే డ్రైవ్‌గా వదిలేయండి, ఫోటోలకి విడిగా ఓ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి. 1 టీబీ ఉండి విడదీయాలని మనసు పీకుతుంటే సీ కి కనీసం 250 జీబీ ఉంచండి. ఆ పని కూడా విండోస్ ఎక్కాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ష్రింక్' చేసి చేసుకోవచ్చు, ఇప్పుడే కుస్తీ అక్కర్లేదు.

డిస్కే కనిపించడం లేదా? బయోస్‌లో కనిపించి ఇక్కడ కనిపించకపోతే, ఇంటెల్ బోర్డు అయితే అనుమానం వీఎండీ అనే స్టోరేజ్ సెట్టింగు మీద. బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆఫ్ చేసి మళ్లీ మొదలెట్టండి. రెయిడ్ (కొన్ని డిస్కులను ఒక్కటిగా కలిపి వాడటం) వాడని ఇంటి పీసీకి దానితో పని లేదు. బయోస్‌లో కూడా లేకపోతే ఎస్ఎస్‌డీ స్లాట్‌లోకి పూర్తిగా దిగలేదన్నమాట. తీసి, ఏటవాలుగా చివరిదాకా తోసి, అప్పుడు స్క్రూ బిగించండి.

ఇన్‌స్టాల్ నొక్కాక టీ పెట్టుకోండి. మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవుతుంది. రీస్టార్ట్ అయ్యాక మళ్లీ భాష అడిగే మొదటి స్క్రీనే వస్తే, పీసీ పెన్ డ్రైవ్ నుంచి లేచిందని అర్థం. పీసీ ఆపి, పెన్ డ్రైవ్ తీసి, ఆన్ చేయండి.

ఇంటర్నెట్ లేదంటే

దేశం ఇండియా, కీబోర్డ్ యూఎస్, రెండో కీబోర్డ్ స్కిప్. తర్వాత నెట్‌వర్క్ స్క్రీన్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. కొత్త బోర్డుల వైఫై, 2.5 జీ ల్యాన్ చిప్పులకి డ్రైవర్లు ఒక్కోసారి విండోస్‌లో ఉండవు. నెట్ లేదు కాబట్టి డ్రైవర్ రాదు, డ్రైవర్ లేదు కాబట్టి నెట్ రాదు. నెక్స్ట్ బటన్ మసకగా ఉండిపోతుంది.

రెండు దారులున్నాయి. ఆ స్క్రీన్ మీద 'ఇన్‌స్టాల్ డ్రైవర్' బటన్ ఉంటే, పెన్ డ్రైవ్ పెట్టి విప్పి ఉంచుకున్న ల్యాన్ డ్రైవర్ ఫోల్డర్ చూపించండి. లేదా ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ దగ్గర 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. దీనికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది, ల్యాన్ తగిలించినట్టే కనెక్ట్ అవుతుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే పీసీకి అందిస్తాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. టెథరింగ్ ఆప్షన్ మసకగా ఉంటే కేబుల్ మార్చండి. కొన్ని చౌక కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరావు.

తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్. హోమ్ ఎడిషన్ అది లేకుండా ముందుకి పోనివ్వదు. ఇదివరకు చెప్పుకున్న చిట్కాలు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. అకౌంట్ వద్దనుకునేవాళ్లు మైక్రోసాఫ్ట్ ఐఎస్ఓ ఫైల్ (విండోస్ సెటప్ అంతా ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని రూఫస్ అనే ఉచిత టూల్‌తో పెన్ డ్రైవ్ చేసుకుంటే, లోకల్ అకౌంట్ పెట్టుకునే ఆప్షన్ అందులోనే అడుగుతుంది. అకౌంట్‌తో వెళితే ఒక చిన్న చికాకు: యూజర్ ఫోల్డర్‌కి మీ మెయిల్ ఐడీలో మొదటి ఐదు అక్షరాలే పేరుగా పడతాయి. వాడకానికి ఇబ్బందేం లేదు, చూడ్డానికి బాగుండదంతే.

మిగతా ప్రశ్నలకి త్వరగా జవాబులు: లొకేషన్, ప్రకటనల ఐడీ, డయాగ్నస్టిక్ డేటా అన్నీ 'నో'. మైక్రోసాఫ్ట్ 365, గేమ్ పాస్ అమ్మజూపితే 'డిక్లైన్'. ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లో పెట్టమంటే 'ఓన్లీ సేవ్ ఫైల్స్ టు దిస్ పీసీ'. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది ఒక్క పండగ వీడియోలకే చాలదు.

డెస్క్‌టాప్ వచ్చాక

ముందు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్. ఇంకేమీ లేదు అనే దాకా రీస్టార్ట్ చేస్తూ తిప్పండి. తర్వాత చిప్‌సెట్ డ్రైవర్, ఆపైన గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ వాళ్ల సొంత సైట్ల నుంచి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తు ఎక్కడుంటే ఆ డ్రైవర్ తక్కువైనట్టు. బోర్డు కంపెనీ యాప్ తనంతట తనే వచ్చి ఇన్‌స్టాల్ చేయనా అంటే వద్దనండి, డ్రైవర్లు దాని అవసరం లేకుండానే పడతాయి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌లో' అనే టూల్స్ అసలే వద్దు.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్లు సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి చూడండి. తరచూ 60 మీదే ఉండిపోతుంది. డబ్బు పెట్టి కొన్న స్పీడ్ అక్కడ ఒక్క క్లిక్ దూరంలో ఆగి ఉంటుంది.

ఇక డిస్క్ ఎన్‌క్రిప్షన్. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోవచ్చు, అంటే తాళం లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మారిపోవచ్చు. తాళంచెవి టీపీఎంలో ఉంటుంది. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో, మదర్‌బోర్డ్ మార్చినప్పుడో టీపీఎం మొదటికి వస్తే, ఆన్ చేయగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులో ఉన్న ఏ ఫైలూ మీది కాదు, ఏ రిపేరు షాపూ తీయలేదు. బయోస్ పని ముందే చేయమన్నది ఇందుకే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' చూడండి. ఇంట్లో కదలకుండా ఉండే పీసీకి అది వద్దనుకుంటే అక్కడే ఆఫ్ చేయవచ్చు. ఉంచుకుంటే, బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ (ఈ ఎన్‌క్రిప్షన్‌కి మైక్రోసాఫ్ట్ పేరు) రికవరీ కీ తెరిచి, కాగితం మీద రాసి మదర్‌బోర్డ్ బిల్లుతో పాటు పెట్టండి. ఫోన్లో స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి.

ఇప్పుడు ర్యామ్ స్పీడ్. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే ఎక్స్ఎంపీ, ఏఎం5 అయితే ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ దగ్గర మీరు కొన్న స్పీడ్ కనిపించాలి. 3200 ర్యామ్ కొని 2133 దగ్గర ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. ఆన్ చేశాక స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' నడపండి. తప్పులు చూపిస్తే మళ్లీ ఆఫ్ చేయండి లేదా ఒక మెట్టు తక్కువ స్పీడ్ పెట్టండి. పీసీ అసలు లేవకపోతే పవర్ కేబుల్ తీసి, బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత సెల్ ఐదు నిమిషాలు బయటికి తీసి మళ్లీ పెడితే బయోస్ పాత స్థితికి వస్తుంది. తేదీ మళ్లీ సరిచేయడం మరచిపోకండి.

పీకి పెట్టిన పాత హార్డ్ డిస్కులు పవర్ పూర్తిగా ఆపి ఇప్పుడు తగిలించండి. అందులోని ఫైళ్లు అలాగే కనిపిస్తాయి. కొత్త ఖాళీ డిస్క్ అయితే 'దిస్ పీసీ'లో కనిపించదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి జీపీటీగా (ఇప్పటి డిస్క్ పద్ధతి) ఇనిషియలైజ్ చేసి, 'న్యూ సింపుల్ వాల్యూమ్' చేయాలి. పాత డిస్క్ పెట్టినప్పుడు 'ఇనిషియలైజ్ చేయనా' అని అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టండి, అందులో మీ డేటా ఉంది.

చివరగా తెలుగు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చండి. 'సెట్ యాజ్ మై విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్' అన్న టిక్ తీసేయండి, లేదంటే మెనూలన్నీ తెలుగైపోయి పైన చెప్పిన పేర్లేవీ మీకు దొరకవు. తెలుగు పక్కనున్న మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి కీబోర్డ్ చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి మామూలు తెలుగు కీబోర్డు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రావాలంటే తెలుగు ఫొనెటిక్. విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే భాష మారుతుంది. పాత డాక్యుమెంట్లలో గౌతమి ఫాంట్ వాడి ఉంటే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకోండి. మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.